టీఎస్‌హెచ్ నార్మలే, నీరసం మాత్రం పోలేదు

"అక్కా, యాభై చాల్తలేదు. డెబ్బై ఐదు ఇయ్యి."

బోధన్‌లో మా మందుల దుకాణం ముందు నిలబడి ఈ మాట అనే ఆడవాళ్ళను తరచూ చూస్తుంటాను. చేతిలో ఖాళీ అయిన థైరాయిడ్ గోళీల సీసా ఉంటుంది, డాక్టరు చీటీ ఉండదు. ఏడాది సంది మింగుతున్నా కాళ్ళ గుంజుడు పోలేదని ఒకరంటారు. దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా జుట్టు ఊడొస్తోందని ఇంకొకరు. పొద్దున లేవబుద్ధే అయితలేదని మరొకరు. మందు వాడుతున్నా బాధ తగ్గకపోతే ఆ మందు చాలడం లేదనుకోవడం సహజమే.

ఫార్మసీ చదివి ఈ కౌంటరు వెనక కూర్చున్నప్పటి నుంచి నాకు అర్థమైంది ఇంకోలా ఉంది. డోసు నిజంగా చాలనివాళ్ళు ఉన్నారు. మింగిన గోళీ ఒంటికి పట్టనివాళ్ళు అంతకంటే ఎక్కువగా కనిపిస్తారు. గోళీ చక్కగా పడుతున్నా, నీరసానికి కారణం వేరేచోట దాగి ఉన్నవాళ్ళూ తక్కువేం కాదు. ఈ మూడు రకాలవాళ్ళూ చెప్పుకునే బాధ ఒకటే, అడిగే గోళీ ఒకటే. అందుకే పెద్ద డోసు సీసా చేతిలో పెట్టే ముందు నేను నాలుగు మాటలు అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. అయినా అడుగుతాను.

ఇదేదో కొందరికే వచ్చే జబ్బు కాదు. హైదరాబాద్‌తో సహా మన దేశంలోని ఎనిమిది నగరాల్లో ఐదు వేల మందికి పైగా పెద్దవాళ్ళను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ లోపం కనిపించింది. వాళ్ళలో సుమారు మూడో వంతు మందికి తమకు ఆ లోపం ఉన్నట్టు అప్పటిదాకా తెలియనే తెలియదు.

ముందు ఈ గోళీ సంగతి చూద్దాం. ఇందులో ఉండేది లెవోథైరాక్సిన్. మెడలోని థైరాయిడ్ గ్రంథి తయారుచేసే టీ4 (థైరాక్సిన్) హార్మోన్, ఇదీ ఒకటే. 1891లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జార్జ్ మర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ గ్రంథుల నుంచి తీసిన రసాన్ని 46 ఏళ్ళ ఒకామెకు సూదితో ఎక్కించాడు. ఒళ్ళు ఉబ్బి, మాట మందగించి ఉన్న ఆ మనిషి తేరుకుని ఇంకో 28 ఏళ్ళు బతికింది. అన్నేళ్ళ వైద్యానికి ఎనిమిది వందలకు పైగా గొర్రెల గ్రంథులు పట్టాయట. 1914లో అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ ఆ రసంలోంచి థైరాక్సిన్‌ను వేరుచేశాడు. 1927 నాటికి బ్రిటన్‌లో హారింగ్టన్, బార్జర్ దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేశారు. ఇవాళ బోధన్‌లో కూలి చేసుకునే మనిషి కూడా కొనగలిగే ధరకు సీసా దొరుకుతోందంటే దాని వెనక ఇంత కథ ఉంది.

ఈ గోళీ సరిపోతోందో లేదో చెప్పేది టీఎస్‌హెచ్ పరీక్ష. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు. నిజాంసాగర్ కాలువ చివరి పొలానికి నీళ్ళు అందకపోతే రైతు తూము దగ్గరికొచ్చి నీళ్ళు వదిలే లష్కర్ మీద అరుస్తాడు. నీళ్ళు ఎంత తక్కువగా అందితే అరుపు అంత పెద్దగా ఉంటుంది. టీఎస్‌హెచ్ కూడా అలాంటి అరుపే. ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తగ్గినకొద్దీ మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దాన్ని పెంచుతూ పోతుంది. అంటే అంకె పెరిగిందంటే హార్మోన్ తగ్గిందని అర్థం. రిపోర్టులో 9 అని చూసి "థైరాయిడ్ ఎక్కువైంది" అనుకుని గోళీ ఆపేసినవాళ్ళు నాకు తెలుసు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇది నిదానంగా పనిచేసే మందు. ఒంట్లో చేరిన టీ4లో సగం ఖర్చవడానికే వారం దాకా పడుతుంది. డోసు మార్చితే రక్తంలో దాని మట్టం నిలకడకు రావడానికి ఐదారు వారాలు కావాలి. అందుకే డాక్టర్లు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయిస్తారు. డోసు పెంచిన పది రోజులకే "ఫరక్ పడలే" అని వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. టీఎస్‌హెచ్ సరైన అంకెకు వచ్చాక కూడా చర్మం, జుట్టు తేరుకోవడానికి మరికొన్ని నెలలు పడుతుంది.

ఇక గోళీ ఒంటికి ఎందుకు పట్టదో చూద్దాం. మా వైపు గ్రామాల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఎక్కువ. వాళ్ళలో ఒకామె ఓ రోజు 100 రాసిన చీటీతో వచ్చింది. అంతకుముందు 50 వాడింది, తర్వాత 75. అయినా టీఎస్‌హెచ్ 11 దగ్గరే ఆగింది. చీటీలో థైరాయిడ్ గోళీతో పాటు ఐరన్, కాల్షియం, గ్యాస్ గోళీ కూడా ఉన్నాయి.

"ఇవన్నీ ఎప్పుడు మింగుతవమ్మా?" అని అడిగాను.

"పొద్దుగాల అన్నీ ఒక్కపారే మింగుత అక్కా. లేకుంటే యాది మర్చిపోత," అంది. కొంగు ముడి విప్పి మరుసటి రోజుకు కట్టిపెట్టుకున్నవి చూపించింది. చిన్న తెల్ల బిళ్ళ ఒకటి, ఎర్ర ఐరన్ గోళీ, లావుపాటి కాల్షియం బిళ్ళ, గ్యాస్ గోళీ. నాలుగూ పాల చాయ్ గుక్కతో మింగుతుందట.

ఐరన్, కాల్షియం రెండూ పేగులో థైరాక్సిన్‌ను పట్టుకుని రక్తంలోకి పోనివ్వవు. గ్యాస్ గోళీ కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది. థైరాయిడ్ బిళ్ళ బాగా కరగాలంటే ఆ ఆమ్లం కావాలి. చాయ్ కూడా కొంత అడ్డమే. 75 మైక్రోగ్రాములు మింగినా ఆమె రక్తంలోకి చేరుతున్నది ఎంతో ఎవరికి తెలుసు? డోసు మార్చే అధికారం నాకు లేదు. చీటీ వెనక ఈ నాలుగు గోళీల సంగతి రాసి, మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికే పంపాను. ఆయన 75 అలాగే ఉంచి ఐరన్‌ను మధ్యాహ్నానికి, కాల్షియంను రాత్రి అన్నం తర్వాతకు మార్చారు. గ్యాస్ గోళీ నిజంగా అవసరమా అని చూసి ఆపేశారు. రెండు నెలల తర్వాత చూస్తే టీఎస్‌హెచ్ 3కు దిగింది. డోసు పెరగలేదు, మింగే వేళ మారిందంతే.

మన దగ్గర ఇది చాలా ఇళ్ళలో జరిగేదే. తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆశా కార్యకర్త ఐరన్ గోళీలు ఇస్తుంది. కాన్పు అయినవాళ్ళకు కాల్షియం ఇస్తారు. అవన్నీ మంచివే, అవసరమైనవే. థైరాయిడ్ గోళీకి, వాటికి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలన్న ఒక్క మాటే ఎవరూ చెప్పరు.

పరగడుపున, మంచినీళ్ళతో మింగి, అరగంట నుంచి గంట దాకా చాయ్, టిఫిన్ ముట్టకపోతే బాగా పడుతుంది. చెరుకు నరికే రోజుల్లో తెల్లవారుజామున పొలానికి పోయేవాళ్ళకు అది కుదరదు. అలాంటప్పుడు రాత్రి అన్నం తిన్న మూడు గంటల తర్వాత పడుకునే ముందు మింగవచ్చు. నెదర్లాండ్స్‌లో చేసిన పరిశోధన ఒకటి 2010లో వచ్చింది. పడుకునే ముందు మింగినవాళ్ళకు టీఎస్‌హెచ్ ఇంకా మెరుగ్గా అదుపులోకి వచ్చిందని అందులో తేలింది. రంజాన్ నెలలో మా ముస్లిం అక్కలకు ఉపయోగపడేది కూడా ఇదే. సహరీకి అరగంట ముందు లేచి మింగినా సరే, ఇఫ్తార్ భోజనమైన మూడు నాలుగు గంటలకు మింగినా సరే. రోజా ఉన్నామని నెలంతా మానెయ్యకూడదు. శనివారం ఉపవాసమని వారానికో రోజు వదిలేసేవాళ్ళకూ ఇదే మాట. మంచినీళ్ళతో గోళీ మింగితే శనివారం ఉపవాసం చెడదని చాలామంది పెద్దవాళ్ళే ఒప్పుకుంటారు, అడిగి చూడండి.

తిండి మీద మాత్రం అనవసరమైన భయాలు ఎక్కువ. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఇంట్లోకే రానివ్వనివాళ్ళున్నారు. వండుకుని మామూలుగా తింటే వాటితో ఇబ్బంది లేదు. సోయా సంగతి కొంచెం చూసుకోవాలి. మన నిజామాబాద్ జిల్లాలో సోయా పంట బాగానే వేస్తారు, రొట్టెల పిండిలో సోయా పిండి కలిపే ఇళ్ళూ ఉన్నాయి. సోయా గోళీని కొంతవరకు అడ్డుకుంటుంది. దాన్ని మానాల్సిన పనిలేదు, గోళీ వేళకు దూరంగా తింటే చాలు.

సీసా ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోవాలి. నిజామాబాద్ ఎండలు 45 డిగ్రీలు దాటుతాయి. వేడి, చెమ్మ, వెలుతురు తగిలితే ఈ మందు బలం తగ్గిపోతుంది. పొయ్యి పక్క గూట్లో, ఫ్రిజ్ నెత్తిన, కిటికీ దగ్గర పెట్టకూడదు. గోళీలను సీసాలోంచి తీసి ప్లాస్టిక్ కవర్లో పోసుకోకూడదు. సీసాలో చిన్న పొట్లం ఉంటే అది చెమ్మను పీల్చడానికి పెట్టింది, దాన్ని తీసి పారేయకండి. కంపెనీ మారినా తేడా రావచ్చు. థైరాక్సిన్‌లో కొద్దిపాటి తేడా కూడా టీఎస్‌హెచ్‌ను బాగా కదిలిస్తుంది కాబట్టి ఒకే కంపెనీ గోళీ వాడటం మేలు. మార్చక తప్పకపోతే ఆరు వారాల తర్వాత ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.

పరీక్ష కూడా మోసం చేయగలదు. ఈ మధ్య జుట్టు కోసమని బయోటిన్ గోళీలు కొనేవాళ్ళు బాగా పెరిగారు. థైరాయిడ్ ఉన్న ఆడవాళ్ళకు జుట్టు రాలుతుంది, అందుకే బయోటిన్ కొనేవాళ్ళలో వాళ్ళే ఎక్కువ. కొన్ని ల్యాబుల్లో వాడే పరీక్ష పద్ధతిని బయోటిన్ గందరగోళపరుస్తుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఎక్కువగా చూపిస్తుంది. రిపోర్టు చూసిన డాక్టరు డోసు ఎక్కువైందని తగ్గిస్తే మనిషి ఇంకా కుంగిపోతుంది. దీని మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. రక్తం ఇవ్వడానికి రెండు మూడు రోజుల ముందే బయోటిన్ ఆపాలి. ఆ పొద్దున థైరాయిడ్ గోళీ రక్తం ఇచ్చాకే మింగాలి. ఇంకొందరు నెలంతా మర్చిపోయి, పరీక్ష ఉందని తెలిసిన వారం మాత్రం క్రమం తప్పకుండా మింగుతారు. అప్పుడు టీ4 బాగానే కనిపిస్తుంది, టీఎస్‌హెచ్ మాత్రం ఎత్తులోనే ఉంటుంది. అనుభవమున్న డాక్టరు దాన్ని చూడగానే పట్టేస్తాడు.

ఇవన్నీ సరిచేసుకున్నా టీఎస్‌హెచ్ ఎక్కువగానే ఉంటే అప్పుడు డోసు పెంచాల్సిందే. గ్రంథి పూర్తిగా పనిచేయనివాళ్ళకు, ఆపరేషన్‌తో తీసేసినవాళ్ళకు కిలో బరువుకు 1.6 మైక్రోగ్రాముల చొప్పున లెక్కేస్తారు. 60 కిలోల మనిషికి సుమారు 100 వస్తుంది. గ్రంథి కొంత పనిచేస్తున్నవాళ్ళకు అంత అవసరం ఉండదు. పెంచడం కూడా 12.5 లేదా 25 చొప్పునే, మెట్టు మెట్టుగా. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్, మూర్ఛ మందుల్లో కొన్ని, ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టినా థైరాయిడ్ గోళీ అవసరం పెరుగుతుంది. ఏ కొత్త మందు మొదలైనా థైరాయిడ్ గోళీ మింగుతున్న సంగతి చెప్పాలి.

గర్భం వచ్చినప్పుడు మాత్రం ఆగడానికి వీల్లేదు. మొదటి మూడు నెలలు కడుపులోని బిడ్డ తల్లి థైరాయిడ్ హార్మోన్ మీదే ఆధారపడుతుంది, బిడ్డ మెదడు ఎదుగుదలకు అది కావాలి. నెల తప్పిందని తెలియగానే పరీక్ష చేయించి డాక్టరును కలవాలి. చాలామందికి డోసు 25 నుంచి 30 శాతం దాకా పెంచాల్సి వస్తుంది. పుట్టింటికి పోయాక చూద్దాంలే అని వాయిదా వేయకండి. కాన్పయ్యాక మళ్ళీ పాత డోసుకు వస్తారు.

ఉప్పు గురించి కూడా రోజూ అడుగుతారు. "పింక్ ఉప్పు తింటే థైరాయిడ్ తగ్గుతదా?" అని. తగ్గదు. మన దేశంలో ఉప్పులో అయోడిన్ కలపడం వెనక మన తెలుగువాడు ఉన్నాడు. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖలోని ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి 1950లలో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో పరిశోధన చేశారు. అయోడిన్ కలిపిన ఉప్పు వాడితే గొంతు వాపు జబ్బు తగ్గుతుందని నిరూపించారు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టర్ కూడా అయ్యారు. ఆ ఉప్పు అయోడిన్ లోపాన్ని ఆపుతుంది. ఇవాళ మన దగ్గర ఎక్కువగా కనిపించే థైరాయిడ్ లోపం వేరు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే గ్రంథి మీద దాడి చేయడం వల్ల వచ్చేది అది. దానికి ఉప్పు మార్చినా, మానినా లాభం లేదు. అయోడిన్ ఉప్పు మామూలుగా వాడుకుంటూ గోళీ మింగాలి.

ఇక నాకు అన్నిటికంటే బాధ కలిగించేది వేరే ఉంది. గోళీ సరిగ్గా మింగుతున్నారు, రిపోర్టులో టీఎస్‌హెచ్ 2 అనో 2.5 అనో ఉంది, అయినా మనిషి లేవలేకపోతోంది. డాక్టరు దగ్గరికి పోతే "నార్మలే కదమ్మా, నీకేం లేదు" అని పంపించేస్తారు. ఇంట్లోవాళ్ళు నాటకాలంటారు. అలా ఏడుస్తూ మా దుకాణం మెట్ల మీద కూర్చున్నవాళ్ళను చూశాను. వాళ్ళ నీరసం అబద్ధం కాదు. టీఎస్‌హెచ్ నార్మల్ అంటే థైరాయిడ్ గోళీ తన పని చేస్తోందని మాత్రమే. అక్కడి నుంచి వేరే కారణం వెతకడం మొదలుపెట్టాలి.

మొట్టమొదట చూడాల్సింది రక్తహీనత. హిమోగ్లోబిన్ ఒక్కటే కాదు, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ కూడా చూడాలి. నెలసరిలో ఎక్కువ రక్తం పోతుంటే అదే మూలం కావచ్చు. రెండోది బీ12. థైరాయిడ్ గ్రంథి మీద దాడి చేసే రక్షణ వ్యవస్థ కొందరిలో కడుపు లోపలి పొర మీద కూడా దాడి చేస్తుంది. అప్పుడు ఎంత తిన్నా బీ12 ఒంటికి పట్టదు. మాంసం, గుడ్డు తినని ఇళ్ళలోనూ, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడుతున్నవాళ్ళలోనూ బీ12 తగ్గుతుంది. చేతులు తిమ్మిర్లు, కాళ్ళ గుంజుడు అంటే థైరాయిడ్ ఒక్కటే కాదు, ఇది కూడా గుర్తుకు రావాలి. రాత్రి గురక పెట్టి ఊపిరి ఆగి ఆగి నిద్రపోయేవాళ్ళు పగలంతా తూలుతుంటారు. నెలసరి ఆగిపోయే వయసు కూడా ఇలాగే అలసటను, నిద్రలేమిని తెస్తుంది. బరువు మాటకొస్తే, థైరాయిడ్ లోపం వల్ల పెరిగేది సాధారణంగా రెండు నుంచి ఐదు కిలోలే, అదీ ఎక్కువగా నీరు, ఉప్పు. ఇరవై కిలోలు పెరిగి ఆ నెపమంతా గోళీ మీద వేసి డోసు పెంచుకుంటే గుండెకే చేటు.

మనసు బాధ కూడా ఒంటి మీద పడుతుంది, అందులో సిగ్గుపడేదేం లేదు. మా నాన్న బోధన్‌లోని శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశాడు. నిజాం కాలంలో 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడిన ఫ్యాక్టరీ అది. 2015 డిసెంబరులో మూతపడింది. అప్పటికే థైరాయిడ్ గోళీ మింగుతున్న అమ్మకు ఆ తర్వాత నిద్ర పోయింది, అన్నం సయించేది కాదు. థైరాయిడే ముదిరిందని అమ్మ అనుకుంది. ఒక క్లినిక్‌లో ఏ పరీక్షా లేకుండానే డోసు పెంచారు, ఇంకోసారి పోతే మళ్ళీ పెంచారు. గుండె దడదడలాడటం, చేతులు వణకడం మొదలైంది. టీఎస్‌హెచ్ చూపిస్తే 0.1 కంటే కిందికి పోయింది. అంటే గోళీ మరీ ఎక్కువైంది. పెద్ద వయసులో అలా ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. నిజామాబాద్ ఖలీల్‌వాడీలోని ఒక డాక్టరు ఓపిగ్గా అంతా విని డోసు తగ్గించారు. దిగులుకు, నిద్రకు వేరే మందులు ఇచ్చి కొన్నాళ్ళు మాట్లాడటానికి రమ్మన్నారు. దడ రెండు నెలల్లో తగ్గింది. నిద్ర రావడానికి ఇంకా ఎక్కువ కాలమే పట్టింది.

ముసలివాళ్ళ విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. వయసుతో పాటు టీఎస్‌హెచ్ కొద్దిగా పెరగడం మామూలే. 65 దాటి టీఎస్‌హెచ్ స్వల్పంగా పెరిగిన ఏడు వందల మందికి పైగా ఐరోపావాసుల మీద చేసిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. సగం మందికి థైరాక్సిన్, మిగతా సగానికి ఉత్త గోళీ ఇస్తే, ఏడాది తర్వాత అలసటలో రెండు జట్లకూ తేడా కనిపించలేదు.

అన్నీ వెతికి, అన్నీ సరిచేసినా బాగుపడనివాళ్ళు కొందరు మిగులుతారు. మందు వాడేవాళ్ళలో నూటికి పదిమంది దాకా ఉండొచ్చని డాక్టర్లు అంటారు. మనం మింగేది టీ4. ఒంట్లో అది టీ3గా మారాకే పనిచేస్తుంది. ఆ మార్పు అందరిలో ఒకేలా జరగకపోవచ్చని, టీ3ని కూడా కలిపి ఇచ్చి చూడాలని ఒక వాదన ఉంది. 1999లో అమెరికా పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఆశ కల్పించింది గానీ తర్వాత వచ్చినవాటిలో చాలావాటికి ఆ లాభం కనిపించలేదు. టీ3 ఒంట్లో త్వరగా ఖర్చవుతుంది, దడ తెప్పిస్తుంది, గర్భిణులకు పనికిరాదు. అయినా హార్మోన్ల డాక్టరు పర్యవేక్షణలో కొన్ని నెలలు ప్రయత్నించి చూడటానికి వీలుంది. దుకాణంలో అడిగి కొనే మందు మాత్రం అది కాదు.

పరీక్షల ఖర్చుకు భయపడి ఆగేవాళ్ళు ఉన్నారు. 2021లో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రాలు మొదలైన 19 జిల్లాల్లో మన నిజామాబాద్ కూడా ఒకటి. ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరు రాస్తే థైరాయిడ్ పరీక్ష ఉచితంగా చేస్తారు. పోయేటప్పుడు పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టుకోండి. ఇంట్లో మింగే ప్రతి గోళీని, జుట్టుదైనా, బలానిదైనా, ఆయుర్వేదందైనా, ఒక సంచిలో వేసుకుపోండి. ఏది ఎన్ని గంటలకు మింగుతారో, వారంలో ఎన్నిసార్లు మర్చిపోతారో దాచకుండా చెప్పండి. నెలసరి సంగతి, నిద్ర సంగతి కూడా. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.